తుంగపోచ ముడి

ఒక చేపని చూసి కుళ్ళుకుంటానని నేనెప్పుడూ అనుకోలేదండి. మనుషుల మీద కుళ్ళుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే, అందులో కొత్తగా సిగ్గుపడేదేం లేదు. కానీ మొన్న పొద్దున్న మేడంగారి వంటింట్లో ఐసు పెట్టె మూత తీసేసరికి, లోపల పెళ్ళికూతురిలా పడుకుని ఉంది సాల్మన్ చేప. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

మేం ఉండేది సౌదీలోని రాబిగ్‌లో, ఎర్రసముద్రం ఒడ్డున. ఈ ఇంట్లో వంట నాది. రెండేళ్ళు చేసి వెళ్ళిపోదామని వచ్చినదాన్ని, ఇఖామా, అదే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, మారుస్తూ మారుస్తూ తల నెరిసిపోయింది. ఆ చేపని మేడం భర్త, నన్ను పనికి రప్పించిన కఫీల్ గారి స్నేహితుడెవరో చలిదేశం నుంచి విమానంలో పంపించాడట. దాని మొప్పకి ఒక ప్లాస్టిక్ పట్టీ, పట్టీ మీద నంబరు. పక్కనే నున్నటి కాగితాల చిన్న పుస్తకం. అందులో ఒక ముసలాయన మోకాలి పైదాకా బూట్లు వేసుకుని, ఏట్లో నిలబడి వల లాగుతున్నాడు.

మేడం ఆ పుస్తకం చదివి నాకు అరబీలో విడమరిచి చెప్పింది. ఇది చెరువులో మేత వేసి పెంచింది కాదట. సముద్రంలోంచి ఏట్లోకి ఎదురెక్కుతుంటే, తాతల నాటి పద్ధతిలో వలేసి పట్టిందట. ఆ పద్ధతి తెలిసినవాళ్ళు ఇప్పుడు గుప్పెడుమందే మిగిలారట. పట్టీ ఉంటేనే అసలుది, లేకపోతే కాదట. నంబరు చెప్తే ఏ వలలో పడిందో, ఎవరు లాగారో కూడా చెప్పేస్తారట.

"చూశావా, ఒక్కో చేపకీ ఒక్కో గుర్తు! ఎంత శ్రద్ధో!" అంది మేడం.

"అవును మేడం" అన్నాను. నోరు అంతే అంది. లోపల మాత్రం, ఏమ్మా, ఏటికి ఎదురెక్కే చేప మీకొక్కళ్ళకే ఉందా, మొప్పకి గుర్తు కట్టడం మీరే కనిపెట్టారా, మా మామ్మ కట్టలేదా అని ఒకటే గోల. మా మామ్మ ఫోటో ఏ పుస్తకంలో వేశారు? అసలు మా మామ్మకి ఫోటోయే లేదు.

వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని మేడంగారి అత్తగారు కూర్చుని ఉంది. ఆవిడని అందరం మామా కబీర అంటాం. పెద్దావిడ. చేతిలో తస్బీ పూసల దండ తిరుగుతూనే ఉంటుంది, కళ్ళు మాత్రం నా చేతుల మీదే. నేను పుట్టు పుర్రచేతివాటం దాన్ని. ఎడంచేత్తో గిన్నె అందించానంటే ఆవిడకి గిట్టదు. "యమీన్! యమీన్!" అని అరుస్తుంది, కుడిచెయ్యి, కుడిచెయ్యి అని. చిన్నప్పుడు మామ్మతో, ముసలితనంలో ఈవిడతో. నా పుర్రచేతికి ఎక్కడికెళ్ళినా తిట్లే.

ఆ పూట మాత్రం మామా కబీర నన్ను తిట్టలేదు. సాల్మన్ని కింద నుంచి పైదాకా చూసి మూతి తిప్పింది. "మా నాన్న ఈ ఒడ్డునే హూరీ వేసుకుని వెళ్ళేవాడు. నాజిల్ చేప తెచ్చేవాడు, ఎర్రగా, నిప్పులాగా. ఈ ఊరికి ఫ్యాక్టరీ రాకముందు మాట. ఆయన పేరు ఎవరైనా రాశారా? దీనికి పుస్తకమట, పుస్తకం!" అంది.

హూరీ అంటే చిన్న పడవ. నేను ఆవిడ వంక చూశాను, ఆవిడ నా వంక చూసింది. ఆ ఇంట్లో పనికి చేరాక మేమిద్దరం ఒక్కమాట మీద ఉండటం అదే మొదలు. కుళ్ళుకి అరబీ, తెలుగు తేడా లేదని అప్పుడు తెలిసింది.

ఆ పట్టీ కత్తిరిస్తుంటే నా వేళ్ళకి తుంగపోచ జ్ఞాపకం వచ్చింది.

మాది గోదావరి ఒడ్డు, కోనసీమ. మా నాన్న, పెదనాన్న ఇద్దరిదీ ఒకటే నావ. ఆషాఢం వెళ్తుందనగా గోదారికి ఎర్రనీరు తగిలేది. ముందు రోజు దాకా పచ్చగా ఉన్న నీరు తెల్లారేసరికి టీ రంగులోకి తిరిగేది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తడిసిన మట్టి, కుళ్ళిన ఆకు, ఎక్కడో కొండల్లో కొట్టుకొచ్చిన కట్టెపుల్లలు, అన్నీ కలిసిన వాసన. మా అమ్మ బిందె ముంచి, ఇండుపగింజ అరగదీసి నీళ్ళు తేర్చేది. ఊరంతా నీళ్ళ గురించి విసుక్కునేది, మా ఇల్లు తప్ప. మాకు అదే పండగ. ఎర్రనీటి వాసనకే పులస పైకెక్కుతుందని మా మామ్మ చెప్పేది.

సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. గోదారి సముద్రంలో కలిసే మొగ దాటి గోదాట్లోకొచ్చి, వరదకి ఎదురీది ఎదురీది, ఒంట్లో ఉప్పంతా వదిలేసుకున్నాక పులస అవుతుంది. చేప అదే, కానీ రుచికి ఎక్కడా పొంతన లేదు. చూడటానికి మాత్రం రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. కొత్తవాళ్ళకి తేడా తెలియదు. అమ్మేవాళ్ళు చాలామంది విలసనే పులస అని అంటగట్టేసేవారు. మా మామ్మ అలా కాదు.

మామ్మ రేవులోనే కూర్చునేది. నాన్నావాళ్ళు నావ దించగానే ఒక్కో చేపనీ ఒళ్ళో పెట్టుకుని, మొప్ప ఎత్తి, వేలు లోపలికి పోనిచ్చి, ఆ వేలు నాలిక చివర రాసుకునేది. కళ్ళు మూసుకునేది. మేమంతా చుట్టూ మూగేవాళ్ళం. "దిగింది" అందంటే ఉప్పు దిగింది, అది పులస. అప్పుడు తుంగపోచ ఒకటి తీసి, మొప్పలోంచి నోట్లోకి దూర్చి, రెండు చుట్లు చుట్టి ముడేసేది. "దిగలేదు" అందంటే పక్కన పడేసేది. దానికి ముడి ఉండదు. అడిగినవాళ్ళకి విలస అని చెప్పే అమ్మేది.

ఆ ముడే మా ఇంటి పరువు. చుట్టుపక్కల నాలుగూళ్ళలో మామ్మ ముడి ఉంటే ఇంకెవరూ చేపని తిప్పి చూసేవాళ్ళు కాదు. "ముసలమ్మ ముడేనా? అయితే తే" అనేవారు, అంతే.

ఆ మామ్మకి ఇద్దరు మనవరాళ్ళం. పెదనాన్న కూతురు నాకంటే మూడేళ్ళు పెద్దది, అక్క. రెండోది నేను. అక్కకి అమ్మ లేదు, పుట్టిన ఏడాదికే పోయింది. మామ్మే పెంచింది. మామ్మ పక్కన పీట దానిది. మామ్మ నమిలి ఇచ్చే తమలపాకు ముక్క దానిది. జడ వేస్తే ముందు దానికి. పులస జన, అదే చేపగుడ్లు, వేయిస్తే మొదటి ముక్క దానికి. నాకు అమ్మ ఉంది కదా అనేవారు అందరూ. అమ్మ ఉంటే ఏం? నా అమ్మ చేతిలో ఎప్పుడూ చీపురు ఉండేది, అది ఎక్కువసార్లు నా వీపు మీదే పడేది. అమ్మ లేకపోవడం కూడా అదృష్టమే అనిపించేది నాకు. అంత పాపిష్టిదాన్ని.

కుళ్ళు ఊరికే ఉండనిస్తుందా? అక్క రిబ్బను తీసుకెళ్ళి మేకపిల్ల మెడకి కట్టేదాన్ని. అది ఎండబెట్టుకున్న ఉప్పుచేప ముక్కలు పిల్లికి చూపించేదాన్ని. దాని వాటా జన దాక అడుగు నుంచి గోకేసి, పిల్లి తినేసిందని చెప్పేదాన్ని. అది నన్ను ఒక్కమాట అనేది కాదు. అదేమన్నా అంటే నేను తిరిగి అనొచ్చు కదా! ఆ అవకాశమూ ఇవ్వలేదు, చూడండి ఎంత గట్టిపిండమో.

అసలు మంట వేరే. మామ్మ నాలిక దానికి వచ్చింది. నాకు రాలేదు.

మామ్మ ఇద్దరికీ నేర్పబోయింది. రెండు చేపలు పక్కపక్కన పెట్టి, వేలు పెట్టి నాకమంది. అక్క ఒక్కసారి రుచి చూసి "ఇది దిగింది, అది దిగలేదు" అని చెప్పేసింది. నేను ఎన్నిసార్లు నాకినా చేప వాసన తప్ప ఏమీ తెలియలేదు. ఊహించి చెప్పాను. తప్పింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ తప్పింది. మూడోసారి వేలు పెట్టబోతే మామ్మ నా చెయ్యి మీద ఒక్కటేసింది.

"ఒసే పుర్రదానా, ఆ చేత్తో పెట్టకే! బేరం ఇరిగిపోద్ది" అంది.

ముడి మాత్రం వచ్చు నాకు. ఎవరూ నేర్పలేదు. మామ్మకి ఎదురుగా కూర్చుని చూసి చూసి పట్టేశాను. తుంగ దొరికితే చాలు, కర్రపుల్లకీ, ఆవుదూడ తోకకీ, దొరికిన ప్రతిదానికీ ముడే. అచ్చం మామ్మ ముడే అని నా నమ్మకం. నాలిక దానిదైతే ముడి నాదని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ముడేయమని నన్ను ఎవరూ అడగలేదు.

ఇలా ఉండగా ఆ ఏడు శ్రావణంలో మామ్మకి మోకాళ్ళు వాచి మంచం దిగలేకపోయింది. వాయిలాకు కాపడం పెడుతుంటే, అక్కని పిలిచి చెప్పింది.

"ఇయ్యాల నువ్వే నాలిక పెట్టు. నువ్వే ముడెయ్యి. గంప నువ్వే ఎత్తుకెళ్ళు. సక్కంగా జరిగిందంటే రేపట్నుంచి గంప నీదే."

"నేను?" అన్నాను.

"నువ్వు తోడెళ్ళు" అంది మామ్మ.

తోడు! కుక్కపిల్ల కూడా తోడెళ్తుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామ్మ అది చూసి, పొగ అనుకుందో ఏమో, కుంపటి అవతలికి జరిపించింది.

రేవులో నాన్న ఐదు చేపలు దించాడు. ఎర్రనీరు గట్టు అంచు దాకా కొడుతోంది. అక్క కొంగు నడుముకి దోపుకుని, అచ్చం మామ్మలాగే కూర్చుని, ఒక్కోటీ ఒళ్ళో పెట్టుకుంది. నాలుగింటికి "దిగింది" అంది, ముడేసింది. ఐదోది అన్నిటికంటే పెద్దది. వెండిపళ్ళెంలా మెరుస్తోంది, వీపు మీద పసిమి కూడా ఉంది. నేనైతే అదే పులస అని ఒట్టేసి చెప్పేదాన్ని. అక్క రుచి చూసింది. మళ్ళీ చూసింది. తల అడ్డంగా ఊపింది.

"విలస. నిన్ననో మొన్ననో మొగ దాటుంటది. ఇంకా ఉప్పుంది" అంది.

నాన్న నవ్వి, "ముసలిదే కూర్చున్నట్టుంది అన్నా!" అన్నాడు పెదనాన్నతో. నా నాన్న! ఆయన కూడా దాన్నే మెచ్చుకున్నాడు.

అక్క చేతులు కడుక్కోవడానికి నీళ్ళలోకి దిగింది. గంప నా ముందు ఉంది. గట్టు మీద తుంగ ఉంది. నేనేం ఆలోచించలేదని చెప్తే అబద్ధం అవుతుంది. బాగా ఆలోచించాను. దాని నాలిక తప్పిందని తేలితే గంప దానికి రాదు. అంతే కావాలి నాకు. పోచ పీకి, పెద్ద విలస మొప్పలోంచి నోట్లోకి దూర్చి, రెండు చుట్లు చుట్టి ముడేశాను. ఎంత అందంగా పడిందో ముడి! పైన తడి గోనె కప్పేశాను.

మొదట కొబ్బరికాయల వ్యాపారం చేసే వాళ్ళ పెద్దింటికి వెళ్ళాం. ఆ ఇంటి పెద్దమ్మగారు ముద్ద నోట్లో పెట్టుకుని ఏ రేవు చేపో చెప్పేస్తుందని పేరు. ఆ మర్నాడు వాళ్ళింటికి కొత్త వియ్యాలవారు భోజనానికి వస్తున్నారట. పెరటి గుమ్మంలో అక్క గంప దించి, దాహమేస్తోందని నూతి దగ్గరికి వెళ్ళింది. కోడలుగారు వచ్చి గోనె ఎత్తింది.

"ముడి ఉందిగా?" అంది.

"ఉందండి" అన్నాను. పెద్దదాన్ని నేనే ఎత్తి అందించాను. కుడిచేత్తోనే లెండి, బేరం విరగకుండా.

అక్క మూతి తుడుచుకుంటూ వచ్చి గంపలోకి చూసింది. "పెద్దది ఏదే?"

"కోడలుగారు తీసుకున్నారు."

"విలసని చెప్పావా?"

"ఆఁ, చెప్పాను. పరవాలేదన్నారు."

అది నా మొహం చూసింది. నమ్మింది. నమ్మకపోతే బాగుండేది. గంప ఎత్తుకుని ముందు నడిచింది, నేను తోడు నడిచాను.

పులస పులుసు ఏ పూటకా పూట తినేది కాదు. మట్టిదాకలో, కట్టెల పొయ్యి మీద, బెండకాయలు, నిలువుగా చీరిన పచ్చిమిరపకాయలు, చిక్కటి చింతపండు రసం వేసి, గరిట పెట్టకుండా దాక అంచులు పట్టుకుని కుదుపుతూ కాచి, చివర్లో ఆవకాయ ఊట పోసి దించేస్తారు. మర్నాటికి ముక్క పులుసు పీల్చుకుంటుంది. అప్పుడు తినాలి. కాబట్టి నా ఘనకార్యం బయటపడటానికి ఒక రోజు పట్టింది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. భయం కాదు, ఆత్రం.

మర్నాడు మధ్యాహ్నం పెద్దింటి పాలేరు వచ్చాడు. నెత్తి మీద దాక. దాక నిండా పులుసు, ఒక్క ముక్క తీసినట్టుంది, అంతే. మూత మీద తుంగపోచ, ముడి ముడిలాగే ఉంది. మామ్మ మంచం పక్కన దించి, "పెద్దమ్మగోరు ఇచ్చెయ్యమన్నారు" అని, ఇంకేం మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

మామ్మ దాకలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. తర్వాత ఆ పోచ తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరేశారే ఈ ముడి?" అంది.

నేను అక్క వంక చూశాను. అక్క నా వంక చూసింది. చెప్పానన్నావుగా అని ఆ చూపులో ఉంది. ఇక అయిపోయింది, చెప్పేస్తుంది, అమ్మ చీపురు తెస్తుంది అనుకున్నాను. వీపు ముందే మండటం మొదలైంది.

"నేనే మామ్మా. నా నాలిక తప్పింది" అంది అక్క.

మామ్మ కొట్టలేదు, తిట్టలేదు. గోడ పట్టుకుని లేచి, కర్ర అందుకుని, మమ్మల్నిద్దరినీ తీసుకుని ఆ వాచిన కాళ్ళతో పెద్దింటికి నడిచింది.

పెద్దమ్మగారు పెరట్లోకి వచ్చి నిలబడింది. "నేను కాపరానికొచ్చిన కాడ్నుంచీ నీ ముడి చూసి కళ్ళు మూసుకుని తింటున్నామే. ఇయ్యాల వియ్యాలవారి విస్తట్లో సముద్రం చేప వడ్డించాను. నా తల తీసేసినట్టయింది" అంది.

"నిజమేనమ్మగోరూ. ఈ ఏడు నా ముడి నమ్మకండి" అంది మామ్మ.

"నువ్వు మంచంలో ఉన్నావంటగా. పిల్ల వేసిందట?"

"ముడి నాదమ్మా. ఎవరేసినా నాదే."

అక్క తల దించుకుని ఏడుస్తోంది. నేనూ ఏడవాలని చూశాను, రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు మామ్మ ఒక చేత్తో కర్ర పట్టుకుంది, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. అక్కది కాదు, నాదే. అదీ నా పుర్రచెయ్యి, ముట్టుకుంటే బేరం విరిగిపోతుందని ఎప్పుడూ విసిరికొట్టే చెయ్యి. ఇంటిదాకా వదల్లేదు. నేను గెలిచాననుకున్నాను. ఇన్నాళ్ళకి మామ్మ నన్ను ఎంచుకుందని పొంగిపోయాను.

ఆ ఏడు ఇంకే చేపకీ ముడి పడలేదు. కాళ్ళ వాపు తీశాక మామ్మ రేవుకొచ్చి నాలిక పెట్టేది, దిగింది, దిగలేదు అనేది, కానీ తుంగ ముట్టుకోలేదు. గంప అక్కకి ఇవ్వలేదు. తనే ఎత్తుకుని తిరిగింది. "ముడేదమ్మా?" అని అడిగేవారు. "ఈ ఏడు ముడి లేదమ్మా" అనేది. "అదేం?" అంటే "నా చెయ్యి తప్పింది" అనేది. వాళ్ళు చేపని తిప్పి తిప్పి, మొప్పలెత్తి, నొక్కి చూసేవారు. కొందరు వదిలేసి పోయేవారు. అసలైన పులస, వరదకి ఎదురీది వచ్చింది, ముడి లేక విలసలతో పాటు గంపలో పడి ఉండేది. వెనకాల నేను తోడు నడుస్తూ అన్నీ చూశాను.

పశ్చాత్తాపం వచ్చిందా అంటారా? వస్తే బాగుండు అనుకున్నాను. నాకు వచ్చింది మళ్ళీ కుళ్ళే. నేను చేసిన తప్పు అక్క తన మీద వేసుకుంది. అక్క మీద నుంచి మామ్మ తీసి తన మీద వేసుకుంది. వాళ్ళిద్దరి మధ్యా అది చేతులు మారింది కానీ నా దగ్గరికి రాలేదు. అన్నీ దానికే ఇచ్చారు, ఆఖరికి నా తప్పు కూడా దానికే. ఈ ఒక్కటైనా నాకు మిగల్చొచ్చు కదా!

మరుసటి ఏడు ఎర్రనీటికి మామ్మ మళ్ళీ తుంగ పట్టుకుంది. అక్కకి గంప ఇచ్చింది. ఆ తర్వాత ఎన్ని వరదలు వచ్చాయో, పోయాయో. మామ్మ పోయింది, నావ పోయింది. నాకు పెళ్ళయింది, ఆయనా పోయాడు, నేను విమానం ఎక్కాను. ఇప్పుడు గోదాట్లో పులస పడటమే గగనమట. ఎక్కడెక్కడి చేపలో ఐసులో లారీలకి లారీలు దిగుతాయట, అన్నీ పులసలేనట. వాటి మధ్య మా అక్క వంతెన పక్కన గొడుగు వేసుకుని, ఒకటో రెండో చేపలు ముందు పెట్టుకుని, ఇప్పటికీ నాలిక పెట్టి చూస్తుందట. దిగితేనే ముడి. దిగకపోతే విలసని చెప్పి అమ్ముతుంది. పక్కవాళ్ళు నవ్వుతారట, పిచ్చిదని. అయినా వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు వస్తారట, ముడికోసం. అది విన్నప్పుడల్లా నాకు మళ్ళీ కుళ్ళే. ముడి దాని చేతుల్లో ఉంది, నా చేతుల్లో మేడంగారి గిన్నెలున్నాయి.

మొన్న ఆ సాల్మన్ని ముక్కలు కోసి, మేడంగారికి పొయ్యిలో కాల్చి ఇచ్చాక, తలకాయ నాకు మిగిలింది. వీళ్ళు తలకాయ తినరు. సరే, ఎంత పుస్తకమున్నదైనా పులుసులో తేలాల్సిందే అని చింతపండు నానబెట్టాను. ఏం బుద్ధి పుట్టిందో, ఉల్లికాడ ఒకటి తీసి దాని మొప్పలోంచి నోట్లోకి దూర్చి, రెండు చుట్లు చుట్టి ముడేశాను. ఇన్నేళ్ళయినా వేళ్ళు మర్చిపోలేదు. పక్కన ప్లాస్టిక్ పట్టీ పెట్టి, ఫోటో తీసి వాట్సాప్‌లో అక్కకి పంపి, పులుసు పొయ్యి మీద పెట్టి, వీడియో కాల్ చేశాను.

అక్క గొడుగు కింద కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడిపోయింది, నాకంటే ఎక్కువ. అది చూసి కాస్త హాయిగా అనిపించింది. పట్టీ సంగతి, పుస్తకం సంగతి, అన్నీ కసిగా చెప్పాను.

"చూశావా, వాళ్ళ చేపకి ఎంత పేరో! మన మామ్మని ఎవరైనా పట్టించుకున్నారా?"

"పోన్లేవే, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కాపాడుకుంటన్నారు. మంచిదేగా" అంది.

దానికి కుళ్ళు కూడా రాదండి. ఏం మనిషో.

తర్వాత ఫోటో తెరిచినట్టుంది, కళ్ళు దగ్గరికి తెచ్చుకుని చూసి, పకపకా నవ్వింది. "ఇంకా పుర్రముడేనటే!"

"అంటే?"

"మామ్మ ముడి కుడికి తిరుగుద్ది. నాదీ కుడికే. నీది ఎడానికి తిరుగుద్ది. ఇదిగో, ఫోటోలో చూసుకో. ఎదురుగా కూర్చుని నేర్చుకున్నావుగా, అద్దంలో చూసినట్టు పట్టావు."

పొయ్యి మీద చింతపండు రసం పొంగి అంచు దాటింది, కట్టేయాలని కూడా తోచలేదు.

"ఆ రోజు... మామ్మకి తెలుసా?"

"తెలవదా మరి? పోచ చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. నాకు దాక తిరిగి రాగానే తెలిసింది, నువ్వు చెప్పానన్నది అబద్ధమని."

"మరి నీ మీదెందుకు వేసుకున్నావే?"

"మీ అమ్మ నిన్ను చంపేసేది కదే. నన్ను కొట్టడానికి ఎవరున్నారు?" అంది. నవ్వుతూనే అంది.

గుమ్మంలో మామా కబీర తస్బీ ఆపి నన్నే చూస్తోంది. నేను ఎడంచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. యమీన్ అనలేదు ఆవిడ.

"ఆ పోచ మామ్మ పారెయ్యలేదే. వక్కాకు సంచిలో పెట్టుకుంది. పోయేదాకా ఉంది అందులో" అంది అక్క. "ఎందుకే మామ్మా అంటే ఏమందో తెలుసా? 'ముడి నాకంటే గట్టిగా వేసింది పుర్రది. ఉప్పే ఇంకా దిగలేదు. దిగుద్దిలే' అంది."

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగావ్?" అంది. అంతలో ఎవరో బేరానికి వచ్చారు. "ఉండండి బాబూ, ఇది విలసండి, పులస కాదు" అని వాళ్ళకి చెప్తూనే ఫోను పెట్టేసింది.

పులుసు దించాను. మర్నాటి దాకా ఆగాలని తెలుసు, ఆగలేకపోయాను. వేలు ముంచి నాలిక చివర రాసుకుని కళ్ళు మూసుకున్నాను. మామ్మ కూర్చున్నట్టే కూర్చున్నాను. దిగిందో దిగలేదో నాకు ఇప్పటికీ తెలియలేదు.

మామ్మ నా గురించి జన్మకొక్క మంచిమాట అంది. అది కూడా ఇన్నేళ్ళూ అక్క దగ్గరే ఉంది. కుళ్ళు రాదా మరి, మీరే చెప్పండి.